చూసినవాళ్ళు ఉండగానే ఇరకం దీవికి

ఈ ప్రయాణం ఒక ఫ్లెక్సీతో మొదలైంది. చిత్తూరు బస్టాండు దగ్గర పండ్ల బండ్ల వెనక నిలువెత్తు బొమ్మ ఒకటి కట్టారు. తెల్ల కోటు, చేతిలో మైకు, పేరుకు ముందు బారెడు అక్షరాలతో 'అపొస్తలుడు' అని. సాయంత్రం సభలట, అందరూ రావాలట. నాకు ఒళ్ళు మండింది. డాక్టరు అని పెట్టుకోవాలంటే డాక్టరు చదవాలి, వకీలు అని పెట్టుకోవాలంటే లా చదవాలి. ఈయన ఏం చేశాడని ఆ మాట పెట్టుకున్నాడో అని గొణుక్కుంటూ బత్తాయిలు కొన్నాను. బేరమాడడం కూడా మరిచిపోయాను. హైస్కూళ్ళలో తెలుగు చెప్పి ఈమధ్యే రిటైరైనదాన్ని. మాటను తప్పుచోట వాడితే నాకు అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. మా ఇంట్లోవాళ్ళు దాన్ని రోగమంటారు.

ఆ వారమే మా సంఘంలో స్త్రీల కూడికకు పాఠం చెప్పే వంతు నాకు వచ్చింది. ఇంకేం, ఆ మాటనే ఎత్తుకున్నాను. తొలినాటి క్రైస్తవులు ఒకరిని అపొస్తలుడు అనాలంటే ఆ మనిషికి ఏం ఉండాలి? ప్రభువును పట్టిచ్చిన యూదా పోయాక ఆయన శిష్యులు పన్నెండుమందిలో ఒక చోటు ఖాళీ అయింది. ఆ చోటికి మనిషిని వెతుకుతూ మిగిలినవాళ్ళు పెట్టుకున్న షరతు చాలా గట్టిది. నదిలో బాప్తిస్మం నాటి నుంచి ప్రభువు పైకి వెళ్ళిపోయిన రోజు వరకూ తమ వెంట తిరిగినవాడై ఉండాలి, నడుమ వచ్చి కలిసినవాడు పనికిరాడు. తిరిగి లేచిన ప్రభువును కళ్ళారా చూసినవాడై ఉండాలి. ఆపైన ఆయనే పంపినవాడై ఉండాలి. అసలు ఆ గ్రీకు మాటకు అర్థమే పంపబడినవాడు అని. తగినవాళ్ళు ఇద్దరు దొరికితే చీట్లు వేశారు, మత్తీయకు చీటీ పడింది. ఇక పౌలు సంగతి వేరు. ఆయన వెంట తిరగలేదు సరికదా, తిరిగినవాళ్ళను తరిమాడు. దారిలో తనకూ ప్రభువు కనబడ్డాడని, తననూ పంపాడని బతికినన్నాళ్ళూ చెప్పుకోవాల్సి వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలాంటివాణ్ణి అని తన గురించి తానే అనుకున్నాడు.

"అయితే టీచరమ్మా, ఇప్పుడెవురూ కాలేరా?" అని వెనక చాప మీద నుంచి ఒకామె అడిగింది. "కాలేరు. చూసినవాళ్ళతోనే అది సరి" అన్నాను, పందెం గెలిచినదానిలా. అన్నాక నా మాట నాకే ఎక్కడో గుచ్చుకుంది. ఇంటికి నడిచి వచ్చేదాకా గుచ్చుకుంటూనే ఉంది.

ఎందుకంటే నేను కూడా నెలలు నిండకుండానే పుట్టాను. పలమనేరు ఆస్పత్రిలో, చలికాలంలో, ఎనిమిదో నెల నడుస్తుండగా. నేను పుట్టిన పూటే మా అమ్మ దయామణి పోయింది. ఆమె ఫొటో ఒక్కటీ లేదు. ఉన్న ఒకే ఒక్క పెళ్ళి ఫొటోను చెదలు తినేశాయి. నన్ను మేనత్త పెంచింది, ఏ లోటూ చేయలేదు, ఆ మాట చెప్పకపోతే నా కళ్ళు పోతాయి. కానీ ఊహ తెలిసినప్పటి నుంచి నాకు ఒకటే ప్రశ్న. ఆమె ఎలా ఉండేది, ఏం కట్టుకునేది, ఇవి కాదు. పోయేలోపు ఆమె నన్ను చూసిందా? అత్తను అడిగితే "యాడ చూస్తాదే, ఆమెకు తెలివే లేదంట, నిన్ను అప్పుడే వేరే గదికి ఎత్తుకుపోయినారంట" అనేది. అత్త కూడా ఆ రోజు అక్కడ లేదు, ఎవరో చెప్తే విన్నది. నాయనను అడిగితే లేచి పాల కేంద్రానికి వెళ్ళిపోయేవాడు, పని ఉన్నా లేకపోయినా. ఆయన పోయాడు. పోయిన ఏడు అత్త కూడా పోయింది. మనవరాలికి జడ వేసే వయసులో ఈ గోలేమిటని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. అనుకున్నంత మాత్రాన ఆశ పోదు కదా.

అత్త పోయాక పెట్టిన ఆదరణ కూడికకు వచ్చిన ఒక బంధువు మాటల్లో మాటగా, "సారమ్మ ఇంకా ఉండాది గదా, ఇరకం దీవిలో" అంది. పెళ్ళికి ముందు మా అమ్మ బైబిలమ్మగా పనిచేసింది. అంటే మిషన్ వాళ్ళు పంపితే ఊరూరూ తిరిగి ఆడవాళ్ళకు, పిల్లలకు వాక్యాన్ని కథలుగా చెప్పే మనిషి. తడ అవతల పులికాట్ సరస్సు పల్లెల్లో ఆమెకు జోడీ ఈ సారమ్మే. నా కాన్పుకు తోడుగా పలమనేరు వచ్చిందీ సారమ్మే. మొదటి నుంచి చివరి దాకా మా అమ్మ వెంట ఉండి, ఇంకా బతికి ఉన్న ఒకే మనిషి. తెలిసిన మర్నాడే పరుగెత్తాల్సింది. భయమేసింది. ఆమె కూడా "లేదు, చూడలేదు" అంటే ఇక అడగడానికి ఈ భూమ్మీద ఎవరూ మిగలరు. అందుకని రేపు మాపు అంటూ గడిపేశాను. ఇప్పుడు నా నోటితో నేనే 'చూసినవాళ్ళతోనే సరి' అన్నాక కాలు నిలవలేదు. సారమ్మ కోడలికి ఫోను చేశాను. "రాండక్కా. మాయత్తకు కండ్లు మసక, సెవులు మాత్రం పాంసెవులు. బిన్నా రాండి, జాగు చెయ్యాకండి" అంది.

ఫిబ్రవరిలో వెళ్ళాను, పక్షులు ఇంకా ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. తెల్లవారి ఐదున్నరకు చిత్తూరులో తిరుపతి బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు ఇప్పుడు ఈ బస్సుల్లో చార్జీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. కార్డు మాత్రం పైనే పెట్టుకోండి. నాలాగా బ్యాగు అడుగున పెట్టుకుని, సారమ్మకని కొన్న బత్తాయిలన్నీ సీటు మీద పరిచి, కండక్టరు చేత మాటలు పడొద్దు. రెండు గంటలు తిరక్కుండానే తిరుపతి చేరాను. బస్టాండు బయట నలభై రూపాయలకు వేడివేడి ఇడ్లీ, అల్లం చట్నీ. నా ఎదుట నున్నటి గుండుతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, పలమనేరు పక్క పల్లెనట. రాత్రంతా క్యూలో నిలబడిందట. "బాగా జరిగిందా దర్శనం?" అన్నాను. "రెప్పపాటు సూసినా అమ్మణ్ణీ. ఆనేక తోసేసినారు. రెప్పపాటైనా సూసినా గదా, సాలు" అంది. ఆ రెప్పపాటు గురించి ఆవిడ ఊరికి పోయి ఏడాదంతా చెప్పుకుంటుంది. నేను మా ప్రభువును నమ్మినదాన్ని, ఆవిడ కొండకు వచ్చినావిడ. అయినా ఆ పూట నాకు ఆవిడ మీద పట్టలేనంత అసూయ కలిగింది.

తిరుపతి నుంచి తడకు నేరుగా బస్సు కోసం కాచుకోవడం కంటే శ్రీకాళహస్తిలో దిగి, వరదయ్యపాళెం మీదుగా తడ వెళ్ళే బస్సు పట్టుకోవడం మేలు. దారి పొడుగునా ఫ్యాక్టరీ పిల్లలు, యూనిఫారాల్లో నిద్రపోతూ ఉంటారు. తడ చేరేసరికి పదకొండు దాటింది. అక్కడ సగం బోర్డులు తెలుగు, సగం అరవం; టీ కొట్టు అతను నాతో తెలుగులో మొదలుపెట్టి పక్కాయనతో అరవంలో ముగించాడు. పడవల రేవు ఉన్న భీములవారిపాళేనికి ఆటో మాట్లాడుకున్నాను. రెండు వందలు అడిగి నూటయాభైకి ఒప్పుకున్నాడు. పేరు మస్తాన్, నలభై ఏళ్ళుంటాయి, ఊరుకునే మనిషి కాదు.

"దీవిలో మీకు ఎవురుండారు మేడం?" అన్నాడు.

"మా అమ్మను చూసినావిడ ఉంది."

"అంటే, మీరు సూడలేదా అమ్మను?"

"లేదప్పా. నేను పుట్టిన రోజే పోయింది."

ఆటో ఉప్పు వాసన వచ్చే దారికి తిరిగాక అన్నాడు. "మాలో గూడా ఉండాది మేడం ఆ మాదిరి. ప్రవక్తను కండ్లారా సూసినోళ్ళను సహాబీలంటారు. ఆ సూసినోళ్ళను సూసినోళ్ళకు ఇంకో పేరుండాది. మసీదులో హజరత్ సెప్తానే ఉంటాడు, నాకే గెవనం ఉండదు. వాళ్ళకూ గొప్ప మర్యాద."

"మరి వాళ్ళను చూసినవాళ్ళకు?"

"వాళ్ళకూ ఉండాది. ఆనేక ఇంక మనమే మేడం" అని నవ్వాడు. నవ్వు రాలేదు నాకు, కానీ మనసు కొంచెం తేలికపడింది. నేనొక్కదాన్నే ఆలస్యంగా రాలేదన్నమాట.

రేవులో దీవివాళ్ళు సరుకులు ఎక్కిస్తున్నారు. గ్యాసు సిలిండరు, ఉల్లిగడ్డల మూట, ఒక కొత్త ఫ్యాను. మనిషికి యాభై రూపాయలు, పడవ నిండితేనే కదులుతుంది. నిండడానికి అరగంట, అవతలికి చేరడానికి ముప్పావు గంట. నీళ్ళు నడుము లోతు మించవని చెప్పారు, నాకు ఈత రాదు కనుక నమ్మాను. దూరంగా రాజహంసలు బారులు తీరి నిలబడి ఉన్నాయి, ఒంటికాలి మీద, తెల్లగా, అక్కడక్కడా గులాబీ రంగు. ఎంతో బాగున్నాయి. పక్కన ఎవరైనా ఉంటే చూపించాలనిపించింది. మంచిది ఏది కనబడినా నాకు అలాగే అనిపిస్తుంది, అరవై దాటినా అమ్మకు చూపించాలనే. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

"ఈపొద్దు మా పాడు గాదు మేడం, అందుకే పడవ తోల్తా ఉండా" అన్నాడు పడవాయన. పాడు ఏమిటయ్యా, ఏం పాడైంది అన్నాను. పడవలో అందరూ నవ్వారు. వల వేసే చోటుకు వంతును వాళ్ళు పాడు అంటారట. సరస్సులో మంచి చోట్లు కొన్నే, మనుషులు ఎక్కువ, కాబట్టి చీట్లు వేసుకుంటారు. ఎవరు పడితే వాళ్ళు చీటీలో చేరడానికి లేదు. ఆ ఊళ్ళో పుట్టి, పెళ్ళయి, ఆ ఊళ్ళోనే కాపురం ఉన్నవాడికే హక్కు. అన్నీ ఉండి చీటీ పడకపోతే ఏం చేస్తారంటే, "ఏం జేస్తాం, ఇట్ట పడవ తోల్తాం" అన్నాడు. నాకు మత్తీయతో పాటు నిలబడ్డ ఆ రెండో మనిషి గుర్తొచ్చాడు. ఆయన కూడా మొదటి నుంచీ వెంట ఉన్నాడు, చూశాడు, తక్కువేమీ లేదు. చీటీ మాత్రం పడలేదు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి ఎలా నడిచి వెళ్ళాడో ఎవరూ రాసిపెట్టలేదు. కూడికలో ఆయన పేరు కూడా చెప్పకుండా దాటేశానని అప్పుడు తట్టింది.

సారమ్మ ఇల్లు రేవుకు దగ్గరే. తాటి మట్టల వసారాలో కాళ్ళు చాపుకుని, ముందు పళ్ళెం పెట్టుకుని రొయ్యలు ఒలుస్తోంది. ఎనభై దాటి ఉంటాయి. కళ్ళు పనిచేయకపోయినా వేళ్ళు యంత్రంలా కదులుతున్నాయి. కోడలు చెల్లమ్మ నన్ను చూపించి, "అత్తా, చిత్తూరు అక్క వచ్చినాది" అంది.

"ఎవురు, దయ కూతురా?"

"అవును పెద్దమ్మా."

తల పైకెత్తి, మసక కళ్ళతో నా ఆకారాన్ని ఎగాదిగా చూసింది. "దయ ఇంత లావుండదే" అంది. చెల్లమ్మ నాలుక కరుచుకుంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ సన్నగా ఉండేదన్న సంగతి నాకు తెలిసింది అప్పుడే, ఆ తిట్టులోనే.

ముందు తినమన్నారు. మడవ చేపల పులుసు, ఎండ్రకాయల వేపుడు, కుండలో వండిన అన్నం. చెల్లమ్మ పులుసులో చింతపండుతో పాటు మామిడికాయ ముక్కలు వేస్తుంది, అది ఆ దీవి రివాజట. డబ్బులిస్తానంటే "సుట్టాలు డబ్బులిస్తారా" అని కోప్పడింది. బయటివాళ్ళు వెళ్తే ముందే ఫోను చేసి చెప్పుకోవాలి, దీవిలో హోటలు లేదు. తిన్నాక బత్తాయిలు వలిచి సారమ్మ చేతిలో ఒక్కో తొన పెడుతూ కూర్చున్నాను. అసలు మాట అడగడానికి నోరు రాలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని ఆ ఫ్లెక్సీ సంగతి, నా కోపం, నేను చెప్పిన పాఠం చెప్పుకొచ్చాను.

"అపొస్తలుడా" అని ఆమె ఆ మాటను నోట్లో చప్పరించింది. "అంటే పోస్టలోడే గదా."

"పోస్టలోడు కాదు పెద్దమ్మా, అపొస్తలుడు."

"నువ్వూ నా మాదిరి దిద్దే టీచరువేనా" అని నవ్వింది. "ఈడ పిల్లోళ్ళకు ఆ మాట నోరు తిరగలేదు. పన్నెండు మంది పోస్టలోళ్ళు, పన్నెండు మంది పోస్టలోళ్ళు అని పాడేటోళ్ళు. నేను కొట్టను పోతే మీయమ్మ అడ్డమొచ్చింది. సెప్పమన్న మాట మోసుకోని పొయ్యి సెప్పొచ్చేటోళ్ళే గదా, వాళ్ళనింది సరిగ్గానే ఉండాది, ఊరుకోవే అనింది. కడుపు పట్టుకోని నవ్వింది. ఆమెకు నవ్వొస్తే నిలబడలేదు, యాడుంటే ఆడ కూలబడతాది. ఆనేక మా ఇద్దర్నీ గూడా ఊర్లో అట్లనే పిలిసినారు. పోస్టలామెలు వచ్చినారు, సాపెయ్యండి అని."

ఎర్ర సిరా పెన్నుతో జీవితమంతా తప్పులు దిద్దిన నేను, మా అమ్మ దిద్దకుండా వదిలేసిన తప్పును వింటూ కూర్చున్నాను. చదువు చెప్పేదాన్ని కదా, చివరికి ఉండబట్టలేక, "మీరేమీ ప్రభువును చూసినవాళ్ళు కాదు కదా పెద్దమ్మా" అన్నాను.

"సూసినారా అని మమ్మల్ని ఎవురూ అడగలేదు పాపా. పొమ్మన్నారు, పోయినాం" అంది, తొన నములుతూ.

ఇక ఆగలేకపోయాను. "పెద్దమ్మా, మా అమ్మ నన్ను చూసిందా?"

నములుతున్న నోరు ఆగింది. వసారా బయట గాలి మట్టలను కొడుతోంది.

"సూసిందని సెప్తే నీకు బాగుంటాది. నాకు తెలుసు" అంది. "ఎట్ల సెప్పేది? కాన్పు గదిలో నేను లేను. నర్సమ్మ నన్ను బయటే నిలబెట్టింది. నన్ను లోపలికి పిలిసేతలికి నిన్ను పక్క గదికి ఎత్తుకోని పోయినారు, నెలలు తక్కువ బిడ్డ గదా, ఎచ్చగా పెట్టల్ల అని. సూడనిది సూసినానని సెప్తే మీయమ్మే నన్ను తిట్టిపోస్తాది. నేను సూళ్ళేదు పాపా."

అయిపోయింది అనుకున్నాను. ఏ మాటకు భయపడి ఏడాది పాటు రాలేదో ఆ మాటే. ఆమె మీద కోపం కూడా రాలేదు. అంత దూరం వచ్చిన మనిషికి ఒక అబద్ధం చెప్పి పంపడం ఎంత సులువు. ఆమె చెప్పలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, ఏదో ఒకటి అడగాలని అడిగాను, "మరి నిన్నెందుకు పిలిచారు లోపలికి?"

"నన్ను పిలిసింది మీయమ్మే గదా."

"తెలివి లేదన్నారే?"

"ఎవురనింది? నెత్తురు పోయి గొంతు సన్నబడింది గానీ తెలివి బాగుండాది. నన్ను మీ నాయన కాడికి పంపించింది. ఆయన బయట చెట్టు కింద కూసోనుండాడు, లోపలికి మొగోళ్ళను రానీరు గదా. ఇట్ట చెప్పి రాపో అనింది."

"ఏం చెప్పమంది?"

సారమ్మ సర్దుకుని కూర్చుంది. గొంతు మార్చింది, పిల్లలు కంఠస్థం అప్పజెప్పేటట్టు. "ఆడబిడ్డ. నీ మాదిరే నడినెత్తిన రెండు సుడులుండాయి. రెండు పెండ్లిండ్లు చెయ్యల్ల, ఇప్పట్నుంచే దుడ్లు కూడబెట్టుకో అని సెప్పు, అనింది. సెప్పి తనే నవ్వింది. పొయ్యి సెప్పినా. ఒక మాట ఎచ్చు లేదు, ఒక మాట తక్కువ లేదు."

నా చెయ్యి దానంతట అదే నడినెత్తికి పోయింది. నాకు రెండు సుడులున్నాయి. తల దువ్విన ప్రతివాళ్ళూ ఆ పరాచికం ఆడినవాళ్ళే. కానీ అప్పుడే పుట్టిన బిడ్డకు ఆ సుడులు ఊరికే కనబడవు. ఎత్తి దగ్గరికి తీసుకోవాలి. తడి జుట్టును వేలితో పక్కకు తీయాలి. వంగి చూడాలి, లెక్కపెట్టాలి.

"పెద్దమ్మా" అన్నాను. "సుడులు చూసిందంటే నన్ను చూసినట్టే కదా."

ఆమె మసక కళ్ళు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి. "అవును గదా" అంది, చాలా మెల్లగా. "నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు సూడు. నేను సూళ్ళేదు గదా అనే అనుకుంటా ఉండా. సెప్పమన్నది సెప్పొచ్చినా, అంతటితో నా పని అయిపోయె."

"నాయన ఏమన్నాడు?"

"నవ్వినాడు పాపం. పెద్దగా నవ్వినాడు. ఆయన నవ్వతా ఉంటేనే నర్సమ్మ బయటికొచ్చి రమ్మనింది."

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా, చెల్లమ్మ ముందు, రొయ్యల పళ్ళెం ముందు. మా అమ్మ కోసం అనుకుంటారేమో, ఎక్కువ నాయన కోసం. నేను అడిగినప్పుడల్లా ఆయన చెవిలో మోగింది ఆ నవ్వే అయి ఉంటుంది, తన నవ్వే. చిన్నప్పుడు ఆదివారం పూట నా తలకు నూనె పెట్టేవాడు. నడినెత్తిన వేళ్ళు ఆగిపోయేవి. "పెట్టు నాయనా" అంటే మళ్ళీ కదిలేవి. రెండు సుడులున్న ఆ మనిషి రెండో పెళ్ళి చేసుకోలేదు. సారమ్మ తడుముకుంటూ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. వేలితో సుడి చుట్టూ ఒకసారి, పక్కన ఇంకొకసారి తిప్పి, "రెండే" అంది.

నాలుగు గంటల పడవకు తిరిగి బయల్దేరాను. చెల్లమ్మ ఎండు రొయ్యలు పొట్లం కట్టి ఇచ్చింది. వచ్చేటప్పుడు చూసిన పక్షులే, వచ్చేటప్పుడు చూసిన నీళ్ళే. తడలో సూళ్ళూరుపేట మీదుగా వెళ్ళే బస్సు దొరికింది, తిరుపతికి రాత్రి భోజనాల వేళకు చేరాను. ఆ దారంతా నేను చెప్పిన పాఠాన్నే తిరగేస్తూ ఉన్నాను. అందులో తప్పేమీ లేదు. మొదటి నుంచి ఉండాలి, చూసి ఉండాలి, పంపబడి ఉండాలి. తొలినాటి వాళ్ళు అంత గట్టిగా ఎందుకు పట్టుబట్టారో ఇప్పుడు నాకు ఇంకా బాగా తెలుసు. వాళ్ళకు కావలసింది గొప్పవాళ్ళు కాదు, చూడనిది చూశానని చెప్పనివాళ్ళు. కానీ నేను నా బతుకంతా చూడలేకపోయినదాన్నని, ఆలస్యంగా వచ్చినదాన్నని దిగులుపడ్డాను. నేను కళ్ళు తెరవకముందే ఒక మనిషి నన్ను అంత దగ్గరగా చూసి ఉంటుందని ఒక్క రోజూ అనుకోలేదు. అమ్మ కావాలనే ఆశ తీరిందా అంటే తీరలేదు. అది తీరేది కాదు. కాకపోతే ఇంతకుముందు అటువైపు ఎవరూ లేనట్టుండేది, ఇప్పుడు ఉన్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. పొద్దున్నే పడవ పట్టుకోండి, మధ్యాహ్నం దాటాక గాలి ఎక్కువవుతుంది, నాలుగు తర్వాత పడవ ఉంటుందని నమ్మకండి. దీవికి కాకపోయినా, మీ ఇంట్లో పోయినవాళ్ళను చూసిన ముసలివాళ్ళు ఎవరైనా ఇంకా మిగిలి ఉంటే ఈ వారమే వెళ్ళండి. నాలాగా 'చూశావా, చూసిందా' అని అడిగి ఊరుకోవద్దు. 'నీతో ఏం చెప్పి పంపించింది' అని అడగండి. వాళ్ళు మాట పొల్లుపోకుండా చెబుతారు, అది మీకోసమని వాళ్ళకే తెలియకుండా.